పెండలం ముద్ద

దొరల వంట చేతనైనవాళ్లకి జీతమూ ఎక్కువే, తలనొప్పీ ఎక్కువే. ఏసమ్మకి ఈ సంగతి పదకొండేళ్లుగా తెలుసు. రామచంద్రపురానికి రెండు కోసుల దూరంలో, కాలువ మీద లాకులున్న చోట, ఓవర్సీరు డొనెలన్ దొరగారి బంగళా ఉండేది. ఆ బంగళా వంటింట్లో రొట్టె కాల్చడం దగ్గర్నుంచి గుడ్డు ఉడకబెట్టడం దాకా అంతా ఏసమ్మ చేతి మీదే. గుడ్డు ఉడకబెట్టడంలో ఏముందిలే అనుకోకండి. దొరగారికి లోపల పచ్చసొన జారుతూ ఉండాలి, దొరసానికి రాయిలా గట్టిపడాలి, రెండూ ఒకే గిన్నెలోంచి ఒకేసారి బల్ల మీదికి రావాలి. చేసి చూస్తే తెలుస్తుంది.

ఆమె మొగుడు ఆశీర్వాదం ఆ లాకుల దగ్గరే లస్కరు. పడవ వచ్చినప్పుడల్లా లాకు తలుపులు తీసి మూసి, నీళ్లు ఎక్కించి దించి, పడవని అవతలకి పంపడం అతని పని. బంగళా వెనక కాలువ గట్టు మీద వాళ్ల గుడిసె. పన్నెండేళ్ల కిందట వాళ్ల పేటంతా మిషను వారి దగ్గర బాప్తిస్మం తీసుకుంది, ఒక్క మనిషి తప్ప. ఆ మనిషి గురించి కాస్త ఆగి చెప్తాను. ఆవిడ లేకపోతే అసలీ కథే లేదు.

ముందు దొరసాని సంగతి. ఆవిణ్ణి ఎవరైనా ఇంగ్లీషు దొరసాని అంటే ముక్కు ఎర్రబడేది. మాది ఐర్లండు, అది వేరే దేశం, మధ్యలో సముద్రం ఉంది అని గట్టిగా చెప్పేది. తెలుగుని లస్కర్ల పెళ్లాల దగ్గర నేర్చుకుంది కాబట్టి బాగానే మాట్లాడేది గానీ, అండీలూ గారులూ మాత్రం ఆవిడ నోట పలకలేదు. ఒకసారి తాసిల్దారు గారు కాలువ చూడ్డానికి వస్తే, నువ్వు ఇలా వచ్చి కూర్చో అంది. ఆయన రామచంద్రపురం వెళ్లేదాకా మళ్లీ నోరు విప్పలేదట. మనసు మాత్రం వెన్న. పిల్లలు లేరు. ఇద్దరు పుట్టి ఇద్దరూ పోయారు, ఆ సంగతి ఆవిడ ఎత్తేది కాదు, ఏసమ్మ అడిగేది కాదు.

ఆ ఏడు పెద్దల అమావాస్య వెళ్లి మూడు వారాలైంది. చేలు పాలు పోసుకుని వంగుతున్నాయి. ఒక శుక్రవారం పొద్దున్నే దొరసాని వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుందంటే ఏదో పెద్ద పని పడబోతోందన్నమాట. మీకు కోతలు ఇంకా కాలేదు, మా ఊళ్లో ఈపాటికి అయిపోతాయి, గింజా దుంపా అంతా ఇంటికి చేరాక చలికాలం మొదలయ్యే ముందు రోజు సాయంత్రం మేము ఒక విందు చేసుకుంటాం, ఎప్పుడో తాతముత్తాతల కాలం నాటిది, ఈ దేశం వచ్చాక ఒక్కసారీ చేసుకోలేదు, ఈ మంగళవారం చేద్దాం అని చెప్పింది.

ఏం చెయ్యాలో కూడా వరసగా చెప్పింది. బంగాళాదుంపలు ఉడకబెట్టి మెత్తగా మెదపాలి. పాలల్లో ఉల్లికాడలు మరగనిచ్చి ఆ పాలు అందులో పొయ్యాలి. ఉడికించిన ఆకు సన్నగా తరిగి కలపాలి. ముద్దని పళ్లెంలో పెట్టి, నడుమ గుంట చేసి, గుంట నిండా వెన్న వెయ్యాలి. పచ్చి దుంప కోరి పిండిలో కలిపి అట్టు పొయ్యాలి. కిస్‌మిస్ వేసిన తియ్యరొట్టె ఒకటి. కోడినా బాతునా కొయ్యమంటారు అని ఏసమ్మ అడిగింది. ఆవేళ మాంసం ముట్టకూడదు అంది దొరసాని. పదకొండేళ్ల నుంచీ మాంసం లేని పూట చూడని వంటింట్లో ఆ మాట విని ఏసమ్మ గరిట కింద పెట్టేసింది.

ఆ తరవాత దొరసాని ఇంకో మాట చెప్పింది. వెనక వరండాలో చిన్న బల్ల వేసి, ఒక కుర్చీ వేసి, అన్నీ ఒక్కొక్కటి వడ్డించిన పళ్లెం ఒకటి అక్కడ పెట్టాలట. దీపం పెట్టాలట. తలుపు గడియ వెయ్యకూడదట. మా ఇంట్లో పోయినవాళ్లు ఆ సాయంత్రం వస్తారు, ఆకలితో తిరిగి వెళ్లకూడదు, ఆ పళ్లెం నువ్వే పెడుదువు గానిలే అంది.

ఏసమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

ఇప్పుడు ఆ ఒక్క మనిషి గురించి చెప్తాను. ఏసమ్మ తల్లి పేరు సోమాలమ్మ. మొగుడు పోయాక కూతురి దగ్గరే, ఆ గట్టు మీద గుడిసెలోనే ఉండేది. పేటంతా మిషనులో కలిసినా ఆవిడ కలవలేదు. మీ దేవుడు మంచాయనే, కాదన్నానా, కానీ నాకు తన పేరిచ్చిన అమ్మవారిని ఈ ముసలితనంలో ఎక్కడికి పొమ్మంటాను అనేది. గోదావరికి ఆనకట్ట లేని రోజుల్లో, ఆవిడ ఏడెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, పెద్ద కరువొచ్చింది. ఇద్దరు తమ్ముళ్లు ఆవిడ చేతుల్లోనే ఆకలితో పోయారు. ఆవిడ మాత్రం అడవి దుంపలు తవ్వుకు తిని బతికింది. అందుకని ఎక్కడున్నా గుమ్మం పక్కన ఒక పెండలం తీగ నాటుకునేది. ఏటా పెద్దల అమావాస్యకి ఆ దుంప తవ్వి, ఉడకబెట్టి, మునగాకు వేసి మెదిపి, చేతిలో ఉంటే కాస్త వెన్న వేసి, తమ్ముళ్ల పేరు చెప్పి ఒక ముద్ద ఆకులో పెట్టేది. ఆ తరవాతే ఇంట్లో అందరూ తినాలి.

రెండేళ్ల కిందట వానాకాలంలో ఆవిడ పోయింది. చివరి పది రోజులూ గొంతు దిగక ఏమీ తినలేదు. పోయే ముందు కూతురి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది. కొడుకులు లేనిదాన్ని, నువ్వు తప్ప నాకెవరూ లేరు, ఏటా ఒక్క ముద్ద పెట్టవే అంది. ఏసమ్మ పెడతానంది.

పోయిన మూడో రోజు, చిన్నదినం నాడు, ఆకులో ముద్ద పెట్టుకుని గోతి దగ్గరికి వెళ్తుంటే బావగారు ఎదురొచ్చారు. బావగారంటే ఆశీర్వాదం అన్నగారు చిట్టియ్య గారు, సంఘానికి పెద్ద. నిక్కచ్చి మనిషి. చెడ్డవాడని కాదు. చుట్టుపక్కల ఏడు ఊళ్ల సంఘాలకి కాలికి చెప్పు లేకుండా తిరిగేవాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా రాత్రంతా కూర్చునేవాడు. కానీ చచ్చిపోయినవాళ్లకి కూడు పెట్టడం మాత్రం ఆయన దృష్టిలో సైతాను పని. ఆకు చేతిలోంచి తీసుకుని కాలవలో వేశాడు. మూడు నెలలు ఏసమ్మని గుళ్లో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి రానివ్వలేదు. ఆఖరికి అందరి ఎదుటా బైబిలు మీద చెయ్యి పెట్టించి, నా చేత్తో చచ్చినవాళ్లకి వడ్డించను అని ఒట్టు వేయించాడు. తప్పితే నువ్వూ నీ మొగుడూ సంఘంలో ఉండరు అన్నాడు.

ఏసమ్మ ఒట్టు వేసింది. పైపైన వేసిన ఒట్టు కాదు. యేసు ప్రభువంటే ఆమెకి ప్రాణం. అమ్మన్నా ప్రాణమే. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమొస్తాయని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ ఒట్టు తరవాత రెండు పెద్దల అమావాస్యలు వచ్చి వెళ్లాయి. ఆ రెండు పూటలూ ఆమె అన్నం ముందు కూర్చుని, కలిపి, తినలేక లేచిపోయింది. అమ్మ ఆకలితోనే పోయింది, ఇంకా ఆకలితోనే ఉంది అన్న మాట మనసులోంచి పోదు. పెండలం తీగ గుడిసె పక్కన దానంతటదే ఎండుతూ, తొలకరికి మళ్లీ మొలుస్తూ ఉంది. దాన్ని ఆమె ముట్టలేదు.

అలాంటి మనిషితో దొరసాని, పళ్లెం నువ్వే పెడుదువు గానిలే అంది. ఏసమ్మ అవుననకుండా, కాదనకుండా, కల్లు తెప్పించాలండి అని మాట మార్చింది. ఆ రోజుల్లో రొట్టె పిండి పొంగాలంటే తాటికల్లే గతి. కల్లు ముట్టకూడదని సంఘం కట్టడి. కానీ రొట్టెలోకి పొయ్యడం ముట్టడం కిందికి వస్తుందో రాదో చిట్టియ్య గారిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఏసమ్మ అయితే అసలు అడగదు.

సోమవారం మధ్యాహ్నం కాకినాడ నుంచి వచ్చిన పడవలో బంగాళాదుంపల బుట్ట దిగింది. దారిలో వాన పట్టింది కాబోలు, బుట్ట అడుగునుంచి నీళ్లు కారుతున్నాయి. ఏసమ్మ వరండాలో గోనె పరిచి బుట్ట బోర్లించింది. పైన నాలుగు దుంపలు తప్ప మిగిలినవన్నీ నల్లబడి, పట్టుకుంటే చేతిలో చితికిపోతున్నాయి. వాసన బంగళా అంతా కొట్టింది.

ఆ వాసనకి దొరసాని బయటికొచ్చింది. దుంపల వంక చూసి, అక్కడే మెట్టు మీద కూలబడింది. దుంపలు పోతే ఇంత బాధ ఏంటని ఏసమ్మ మొదట ఆశ్చర్యపోయింది. తరవాత దొరసాని మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ల అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అక్కడా కరువొచ్చిందట. వాన లేక కాదు, దుంపకి తెగులొచ్చి. పొద్దున పచ్చగా ఉన్న చేలు మర్నాటికి నల్లబడ్డాయట, తవ్వితే ఇదే వాసనట. గింజ పండింది, అది భూమి కౌలు కింద పోయింది, మనుషులకి దుంప తప్ప దిక్కు లేదు. వాళ్ల అమ్మమ్మా, ఇద్దరు మేనమామలూ దారి పక్కన గడ్డి నమిలి పోయారట. రేపు పళ్లెం పెట్టేది వాళ్లకే, ఇంకా మా పిల్లలిద్దరికీ అంది. అన్నాళ్లలో పిల్లల మాట ఆవిడ ఎత్తడం అదే మొదలు.

ఏసమ్మ ఆ నల్లటి దుంపలన్నీ గోనెలో మూటకట్టింది. తరవాత లేచి, గునపం తీసుకుని గుడిసె వైపు వెళ్లింది.

తీగ ఆకులు అప్పుడప్పుడే పసుపు పచ్చబడుతున్నాయి. అమ్మ ఉంటే అమావాస్యకే తవ్వేసేది. రెండేళ్లుగా ఎవరూ తవ్వలేదేమో, మూరెడు లోతు తవ్వినా చివర దొరకలేదు. ఆమె చెమటలు కక్కుతూ చుట్టూ మట్టి తీసింది, చేత్తో తీసింది, గోళ్లు విరిగాయి. చివరికి చంటిపిల్లంత దుంప బయటికొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆమె ఏడ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి తనివితీరా ఏడ్చింది.

దుంప కడిగి తెచ్చి దొరసాని ముందు పెట్టింది. ఇది పెండలం అండి, లోపల తెల్లగా ఉంటది, మీ దుంప కంటే మెత్తగా మెదుగుతుంది, మా అమ్మ నాటిందండి అని చెప్పింది. అప్పుడు మిగతాదంతా కూడా చెప్పేసింది. కరువు, తమ్ముళ్లు, ఏటా ఒక్క ముద్ద, కాలవలో పడ్డ ఆకు, ఒట్టు, అన్నీ. చెప్పి, అందుకని పళ్లెం మాత్రం నేను పెట్టలేనండి, మీరు కోప్పడినా సరే, పనిలోంచి తీసేసినా సరే అంది.

దొరసాని కోప్పడలేదు. దుంప మీద చెయ్యి వేసి అడిగింది.

"వండకూడదని ఒట్టు వేశావా?"

"లేదండి. వడ్డించకూడదనండి."

"అయితే నువ్వు వండు. నేను పెడతాను. మీ అమ్మ పేరేంటి?"

"సోమాలమ్మ అండి."

దొరసాని ఆ పేరు రెండుసార్లు తనలో తాను అనుకుని చూసుకుంది, మర్చిపోకుండా.

మంగళవారం తెల్లారక ముందే ఏసమ్మ పొయ్యి వెలిగించింది. ఆవేళ ఆమె మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. ఎవరూ తినొద్దనలేదు, తినబుద్ధి కాలేదు. కల్లు పోసి కలిపిన పిండి రాత్రంతా పొంగి గిన్నె అంచు దాటింది. కిస్‌మిస్, బెల్లప్పొడి, కాస్త జాజికాయ వేసి మళ్లీ మర్దించి, మందపాటి మట్టిపాత్రలో పెట్టి, కిందా నిప్పులు, మూత మీదా నిప్పులు పోసింది. పెండలం చెక్కు తీసి, దురద లేకుండా చింతపండు నీళ్లలో కడిగి, ముక్కలు ఉడకేసింది. ఆకు దగ్గర కొంచెం ఆలోచించింది. దొరసాని చెప్పిన ఆకు ఈ దేశంలో దొరకదు. తోటకూర వెయ్యనా అని అడిగితే, మీ అమ్మ ఏం వేసేది అని దొరసాని ఎదురు అడిగింది. మునగాకు దూసుకొచ్చింది.

ఉల్లికాడలు మరిగిన పాలు పోసి మెదుపుతుంటే గిన్నెలోంచి లేచిన వాసన ఏసమ్మకి తెలిసిన వాసనే. ఉల్లికాడల పాలు దొరసానివి, మునగాకు అమ్మది. రెండూ కలిసినా అదేమీ కొత్తగా లేదు. గరిట చివర కాస్త నాలిక మీద వేసుకుని ఉప్పు చూద్దామని చెయ్యి ఎత్తి, మళ్లీ దించేసింది. అమ్మ ఉప్పు చూసేది కాదు. పెద్దలకి పెట్టక ముందు మనం ఎంగిలి చెయ్యకూడదే అనేది. ఉప్పు అందాజుగా వేసింది.

సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి దిగుతుండగా దొరసాని తెల్లగుడ్డ పరిచిన బల్లని వెనక వరండాలో వేయించింది. కుర్చీ వేసింది. దీపం పెట్టింది. పళ్లెంలో రొట్టె ముక్క, అట్టు, నడుమ గుంట చేసి వెన్న నింపిన పెండలం ముద్ద తన చేత్తోనే సర్దింది. పక్కన పాలగ్లాసు పెట్టింది. తరవాత కళ్లు మూసుకుని పేర్లు చదివింది. ఆ పేర్లు ఏసమ్మకి అర్థం కాలేదు. చివరి రెండూ పిల్లలవి అయ్యుండాలి. ఆ తరవాత, తడుముకోకుండా, సోమాలమ్మ అంది. స్తంభం వెనక నిలబడ్డ ఏసమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

దొరసాని పళ్లెం మీద గుడ్డ కప్పి, జపమాల తీసుకుని లోపలికి వెళ్లింది. దొరగారు కాలువ మీదనుంచి ఇంకా తిరిగి రాలేదు. ఏసమ్మ మిగిలిన అట్లు పొయ్యడానికి వంటింట్లోకి వెళ్లింది. ఇంత హడావుడిలో ఆమె ఒక సంగతి మర్చిపోయింది. అది నెలాఖరు రోజు.

నెలాఖరు రోజంటే చిట్టియ్య గారు వచ్చే రోజు. సంఘంలో ప్రతి ఇల్లాలూ వండేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేస్తుంది. ఆ పిడికిటి బియ్యం నెలాఖరుకి ఆయన పడవలో తిరిగి పోగుచేసి మిషనుకి చేరుస్తాడు. గుడిసె తలుపు మూసి ఉంది. అందుకని బంగళా వెనక వరండాకి వచ్చాడు. మామూలుగా అయితే మెట్ల కింద నిలబడేవాడు. పన్నెండేళ్లుగా ఎన్ని దొరల ఇళ్లకి వెళ్లినా మెట్ల కిందే నిలబడ్డాడు, మిషను దొరగారింట్లో కూడా అంతే. కిందటి నెల మాత్రం ఈ దొరసాని బియ్యం మూట ఇస్తూ, ఈసారి వచ్చినప్పుడు తిని వెళ్లు అంది. ఆవిడ అని మర్చిపోయింది. ఆయన మర్చిపోలేదు. నెల రోజులు ఆ మాట మనసులో పెట్టుకునే తిరిగాడు.

ఇప్పుడు చూస్తే వరండాలో బల్ల ఉంది, తెల్లగుడ్డ ఉంది, దీపం ఉంది, కప్పిపెట్టిన పళ్లెం ఉంది, ఒక్కటంటే ఒక్క కుర్చీ ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంకేం అనుకుంటాడు చెప్పండి. కాళ్లు కడుక్కున్నాడు. కండువాతో తుడుచుకున్నాడు. కుర్చీ అంచున, ఎక్కడ విరిగిపోతుందోనన్నట్టు కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. పొద్దున్నుంచీ ఐదూళ్లు తిరిగిన మనిషి, ఆకలి మీద ఉన్నాడు.

ఏసమ్మ వేడి అట్టు పళ్లెంలో పెట్టుకుని వచ్చేసరికి ఆయన ముద్ద సగం తినేశాడు.

ఎవరైతే అమ్మ ముద్దని కాలవలో వేశారో, ఆయనే కూర్చుని అమ్మ పళ్లెంలో తింటున్నారు. ఆపుదామని అడుగు ముందుకి వేసింది. వెనకనుంచి దొరసాని వచ్చి మణికట్టు పట్టుకుంది.

"లేపకు," అంది గొంతు తగ్గించి. "మా ఊళ్లో ఈవేళ ఆ తలుపులోంచి ఎవరొచ్చి కూర్చుంటే వాళ్లే తినాలి. పోయినవాళ్ల బదులు వాళ్లే తింటారు. మా అమ్మ అలాగే చెప్పింది."

ఏసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని దగ్గరికి వెళ్లింది. దాచడం ఆమెకి చేతకాదు. బావగారండి, ఆ పళ్లెం అని మొదలుపెట్టింది. చిట్టియ్య గారు ఆమెని ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు. పళ్లెం ఎత్తి ఆమె వైపు చాచాడు.

"ఏసమ్మా, ఈ ముద్ద ఇంకొంచెం వెయ్యమ్మా."

దొరసాని ఇందాక వడ్డించిన గిన్నె ఆమె పక్కనే అరుగు మీద ఉంది. గరిట అందులోనే ఉంది. ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది. బైబిలు మీద పెట్టిన చెయ్యి అదే.

"నా చేత్తోనా అండి?"

"నీ చేత్తో కాక మరెవరి చేత్తో?" అన్నాడాయన, ఆ ప్రశ్న ఏంటో అర్థం కాక.

ఏసమ్మ వడ్డించింది. గరిట నిండా వేసింది, నడుమ గుంట చేసింది, వెన్న వేసింది. కారిపోతోందమ్మా చాలు అంటున్నా ఇంకొంచెం వేసింది. ఆయన తింటుంటే పక్కనే నిలబడింది. బావగారి ఎదుట అంత దగ్గరగా ఆమె ఎన్నడూ నిలబడలేదు. ఆయన ప్రతి ముద్దా నోట్లో పెట్టుకోవడం, నమలడం, మింగడం, గొంతు దిగడం అన్నీ చూసింది. చివరి పది రోజులూ అమ్మకి ఏదీ గొంతు దిగని సంగతి గుర్తొచ్చి ఆమె కళ్లు నిండాయి.

తింటూ తింటూ చిట్టియ్య గారు మధ్యలో ఆగాడు. పళ్లెం వంక చూశాడు. ఇది మీ అమ్మ చేసే ముద్ద కదూ అన్నాడు. ఏసమ్మ తలూపింది. ఆయన నోట్లో ముద్ద మింగాడు. తరవాత, గాలివాన వచ్చిన ఏడు మా ఇల్లు పడిపోతే మీ అమ్మ మూడు రోజులు ఈ ముద్దే పంపింది, అప్పటికి ఆశీర్వాదానికి పెళ్లి కూడా కాలేదు, ఆవిడకి మేము ఏమీ కాము అని చెప్పాడు. ఆవిడ మన దారిలోకి రాలేదన్నది నాకు ఈనాటికీ బాధే అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో సంఘ పెద్ద లేడు. పళ్లెం వేలితో తుడిచి నాకాడు. పాలు తాగాడు. రొట్టె ముక్క కూడా తిని, ఇది దూదిలా ఎలా పొంగిందమ్మా అని మెచ్చుకున్నాడు. ఏసమ్మ దానికి మాత్రం బదులు చెప్పలేదు.

చెయ్యి కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ, కడుపు నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"నిండిందమ్మా. చాలా రోజులకి నిండింది."

ఏసమ్మ స్తంభాన్ని పట్టుకుంది. రెండేళ్లుగా ఆమె ఎవరి నోట వినాలని ఎదురుచూసిందో ఆ నోటికి ఇక మాట లేదు. ఆ మాట ఇదిగో, ఈయన నోట వచ్చింది. ఇది తప్పో ఒప్పో ఆమెకి తెలియలేదు. ప్రభువుకి తెలుస్తుందిలే, ఆయనకి తల్లి ఉంది కదా అనుకుంది.

దొరసాని బియ్యం మూట తెచ్చి ఇచ్చింది. ఏసమ్మ గుడిసెలోకి పరుగున వెళ్లి దేవుడి కుండలోని పిడికిటి బియ్యం తెచ్చి పోసింది. కాలువలో పడవవాళ్లు కేకేస్తున్నారు. ఆశీర్వాదం లాకు తలుపు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చిట్టియ్య గారు మూటలు భుజాన వేసుకుని, మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు.

"ఈ విందు మీ దొరసాని ఏటా చేస్తుందా?"

"చేస్తాను," అంది దొరసాని లోపల్నుంచి.

"అయితే నన్ను మర్చిపోకమ్మా. ఆ పెండలం నా వంతు ఒక్క ముద్ద ఉంచు, వచ్చి తింటాను."

"ఏటా రండి బావగారు," అంది ఏసమ్మ. "ఏటా ఉంటుంది."

పడవ లాకు దాటి చీకట్లోకి వెళ్లేదాకా ఆమె అక్కడే నిలబడింది. తరవాత దీపం తీసి లోపల పెట్టింది. పళ్లెం కడిగి బోర్లించింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుని, గిన్నె అడుగున మిగిలిన పెండలం చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది.